కిటికీ అవతలి చెయ్యి

మా ఇంట్లో నోటికంటే చేతులకే పని ఎక్కువ. మా ఆయన ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఖలాసీగా ముప్పై ఏళ్ళకు పైగా చేశారు. బరువైన ఇనుప సామానుకి గొలుసులు తగిలించి, పక్కకి జరిగి, పైన క్రేను కేబినులో కూర్చున్న ఆపరేటరుకి సైగలు చెయ్యడం ఆయన పని. వాళ్ళు షాపు అనే ఆ పెద్ద షెడ్డులో పక్కన నిలబడి కేక వేసినా వినపడదట. అందుకని అక్కడ అందరిదీ చేతి భాషే. చూపుడువేలు పైకెత్తి తిప్పితే ఎత్తమని. కిందికి చూపించి తిప్పితే దించమని. చెయ్యి చాపి అరచెయ్యి కిందికి పెడితే ఆగమని. ఎడమ అరచెయ్యి కదలకుండా పైన పట్టి, దాని కింద కుడి చెయ్యి తిప్పితే, చేస్తున్న పనే చెయ్యి కానీ నిదానంగా చెయ్యమని.

ఆ చప్పుడుకి ఆయన చెవులు రిటైరవక ముందే మందగించాయి. చెవి మిషను తెచ్చుకున్నారు గానీ, "ఇది పెట్టుకుంటే మళ్ళీ షాపులో నిలబడ్డట్టే ఉంటాది" అని చొక్కా జేబులో వేసుకు తిరుగుతారు. రోజూ పొద్దున్న చొక్కా మార్చినప్పుడు దాన్ని పాత జేబులోంచి కొత్త జేబులోకి మారుస్తారు. పెట్టుకోరు.

అలాంటి ఇంట్లో పుట్టింది కాబట్టి మా అమ్మాయికి మాటలకంటే ముందు సైగలే వచ్చాయి. అన్నం చాలంటే అరచెయ్యి కిందికి పెట్టి చూపించేది. పెద్దయ్యాక కూడా ఏదైనా ఆలోచిస్తోందంటే నోరు మూసుకుపోయేది. వేళ్ళు మాత్రం బల్ల మీద కదిలేవి. స్కూల్లో లెక్కల మేడం నన్ను పిలిచి, జవాబు కరెక్టుగానే వస్తోందండీ, ఎలా వచ్చిందో అడిగితే మాత్రం చెప్పదు అనేది. జవాబు వస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకునేదాన్ని నేను.

నా సంగతి దీనికి సరిగ్గా ఎదురు. నాకు యాభై రెండేళ్ళు వచ్చేదాకా అక్షరం రాదు. మా ప్లాంటు టౌన్‌షిప్పులో సెక్టర్ 7లో ఉండే ఒక రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నం పూట మాలాంటి ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని తెలుగు నేర్పేవారు. ఈ హిందీ ఊళ్ళో పుట్టిన మా పిల్లలకి హిందీ చదవడం వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు రాదు. వాళ్ళ తల్లులం మేము ఆ వయసులో తెలుగు దిద్దుకున్నాం. "మనసులో చదివితే అక్షరం జారిపోతుంది. వేలు పెట్టి, నోటితో అనండి" అనేవారు టీచరమ్మ. అదే అలవాటైపోయింది. ఇప్పటికీ నేను పైకి అనకుండా ఒక్క ముక్క చదవలేను. టీచరమ్మ తెలుగులో రాసిచ్చిన మందుల చీటీ అయినా, మా ఊరి నుంచి వచ్చే బియ్యం బస్తా మీది రాత అయినా వాకిట్లోకి వినపడుతుంది.

మా అమ్మాయి చదువయ్యాక రాయ్‌పూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరింది. రోజూ లోకల్ ట్రైన్లో వెళ్ళి వచ్చేది. దుకాణాలకి బిల్లులు కొట్టే ప్రోగ్రాములు రాయడం పని. రెండేళ్ళు అదే చేసింది. ఓ రోజు ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుని అంది.

"అమ్మా, నా బుర్రకి సరిపోయే పని ఒక్కసారి చెయ్యాలని ఉంది. చేసి, నా వల్ల అవదని తేలితే అప్పుడు ఈ బిల్లులే కొట్టుకుంటాను."

దాని నోట అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు. అందుకే గుర్తుండిపోయింది.

తను కోరుకున్నది షేర్లు కొని అమ్మే ఒక ట్రేడింగు కంపెనీ. అక్కడ మనుషులు కాదు, కంప్యూటర్లే కొంటాయి, అమ్ముతాయి. ఆ కంప్యూటర్లకి ఏం చెయ్యాలో రాసేవాళ్ళు కావాలట. పక్క క్వార్టరులో ఉండే వదిన ఈ మాట విని మెటికలు విరిచింది. ఆవిడది శ్రీకాకుళం వైపు. మా మరోదా కాలనీలో ఏ ఇంట్లో ఏ కూర వండారో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

"షేర్లంటే జూదమే కదేటి? ఆడపిల్లని జూదం కంపెనీకి పంపుతారేటి?"

"జూదం ఆడేవోళ్ళు వేరంట వదినా. ఇది ఆట మిషను తయారు చేసీదంట."

"ఎలగైనా అదే కదా. సర్లే, జీతం బాగుంటాదేటి?"

"ఇంకా అడగనేదు."

"అది అడక్కుండా మిగతావన్నీ అడిగేవన్నమాట."

మొదట కంప్యూటరులోనే ఓ పరీక్ష పెట్టారు. అందులో తను గట్టెక్కింది. తరవాత ఒకతను ఫోను చేసి అరగంట మాట్లాడాడు. అదీ అయింది. ఆ తరవాతది వీడియోలో ఇంటర్వ్యూ. ఇద్దరు కూర్చుని గంటసేపు ప్రశ్నలడుగుతారు. మా అమ్మాయి గుండె జారిపోయింది అక్కడే. అంతకుముందు వేరే రెండు కంపెనీల్లో సరిగ్గా అలాంటి ఇంటర్వ్యూలోనే పోయింది. జవాబు రాసింది, కానీ ఎలా ఆలోచించావో మాకు తెలియలేదు అన్నారట. ఇక్కడ కూడా పోతే మళ్ళీ ఏడాది దాకా రానివ్వరు.

కాలేజీలో తన సీనియరు ఒకమ్మాయి ఫోనులో ఉపాయం చెప్పింది. ఏమీ తెలియని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ బుర్రలో నడిచేదంతా నోటితో వాళ్ళకి చెప్పు అని. మా ఇంట్లో ఆ మనిషి కోసం వెతకక్కర్లేదు.

అలా నేను ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ని అయ్యాను. ప్రశ్నలు తను చెబితే నేను తెలుగులో రాసుకునేదాన్ని. మర్నాడు సాయంత్రం మంచం మీద ఎదురెదురుగా కూర్చుని, నేను వేలు పెట్టి ఒక్కొక్కటీ పైకి చదివేదాన్ని.

"అరే అమ్మా, అంత నిదానంగా ఎవరు చదువుతారు? నువ్వు ప్రశ్న ముగించేలోగా నాకు జవాబు వచ్చీసింది."

"అయితే మూసుకోకుండా చెప్పు."

"సునో, విను మరి. సుపేలా బజార్లో వంకాయలు అనుకో. కొనేవాళ్ళు ఓ వరస, అమ్మేవాళ్ళు ఓ వరస. ఎక్కువ ఇస్తానన్నవాడు ముందు నిలబడతాడు. ఇటు, తక్కువకి ఇచ్చీస్తానన్నవాడు ముందు నిలబడతాడు. ముందున్న ఇద్దరికీ కుదిరిందా, బేరం అయిపోయింది. ఈ వరసలన్నీ కంప్యూటరు చూసుకోవాలి, నువ్వు కన్ను మూసి తెరిచేలోగా."

"కొనీవోళ్ళిద్దరూ ఒకే ధర ఇస్తానంటే?"

"ముందొచ్చినవాడు ముందు."

"ముందొచ్చినోడు, నాకొద్దు బాబూ అని మధ్యలోంచి వెళ్ళిపోతే?"

మా అమ్మాయి ఆగిపోయింది. దుప్పటి మీద వేళ్ళు కదలడం మొదలైంది.

"చేతులు కట్టీసుకో" అన్నాను. "నోటితో చెప్పు."

"వాడు ఎక్కడున్నాడో వెతకడానికి వరసంతా నడవకూడదు. ఆలస్యం అయిపోతాది. మత్‌లబ్, అంటే..." మళ్ళీ ఆగింది.

"నాకు అక్షరం రానప్పుడు టీచరమ్మ ఏటనీవారో తెలుసా? రాకపోతే, రాలేదని కూడా పైకే అనమనీవారు. ఇక్కడిదాకా వచ్చింది, ఇది రాలేదు అని. అలగనగానే సగం వచ్చీసీది."

తను చేతులు కట్టుకుని చెప్పింది. "ఇక్కడిదాకా వచ్చింది. వాడిని వెంటనే పట్టుకోవాలి, అది రాలేదు. ప్రతివాడికీ వచ్చినప్పుడే ఓ చీటీ నంబరు ఇస్తే? నంబరు పక్కన వాడు నిలబడ్డ చోటు రాసుకుంటే? అప్పుడు నడవక్కర్లేదు. నంబరు చూసి నేరుగా వాడి దగ్గరికే."

ఇది సరో కాదో నాకేం తెలుసు. కానీ తను దుప్పటి మీద గుద్దిన గుద్దుకి సరే అయ్యుంటుందనుకున్నాను.

మూడు వారాలు అలా కూర్చున్నాం. మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి నవ్వుకునేవారు. ఆయనకి ఒక్క మాటా వినపడదు. ఇద్దరం చేతులు తిప్పుకుంటూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నట్టు కనిపించేదట.

ఇంటర్వ్యూ ఓ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి. గదిలో ఇంకెవరూ ఉండకూడదని వాళ్ళ రూలు. పొద్దున్నే వంట ముగించి కుక్కరు కడిగి బోర్లించేశాను. కాలింగ్ బెల్లు వైరు పీకేశాం. పక్కింటి వదినకి, మూడు నుంచి నాలుగు దాకా గోడ మీంచి పిలవొద్దని చెప్పి వచ్చాను.

"పెళ్ళిచూపులకి కూడా ఇంత హడావుడి చేయరే" అంది. కానీ టీవీ కట్టేసింది.

ఇంకా వీధి ఉంది. మా క్వార్టర్ల లైన్లో ఆ వేళకే పాత సామాన్లు కొనే కబాడీవాలా కేకేసుకుంటూ వస్తాడు. కూరగాయల బండి వస్తుంది. వాళ్ళని ఎవరాపాలి? నేనే అన్నాను మా ఆయనతో, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోండి, ఎవరైనా వస్తే నోరు తెరవకముందే ఆపండి అని. ఆయన మొహం వెలిగింది. రిటైరయ్యాక ఆయనకి మేము ఒప్పజెప్పిన మొదటి డ్యూటీ అది. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ కూర్చున్నారు.

కుర్చీ కిటికీకి ఎదురుగా వేశారు. లోపల మా అమ్మాయి బల్ల కిటికీ వైపే తిరిగి ఉంది. అంటే తను తల ఎత్తితే లాప్‌టాప్ పైనుంచి వాళ్ళ నాన్నే కనిపిస్తారు. నేను వంటగదిలో పరదా వెనక నిలబడ్డాను. గదిలో ఎవరూ ఉండకూడదన్నారు. వంటగది గది కాదనుకున్నాం. వరండా అసలే కాదనుకున్నాం. ఆ గంటలో మేము చేసిన తప్పు అదే. దాన్ని ముగ్గురం కలిసే చేశాం.

మొదటి ఇరవై నిమిషాలు బాగా నడిచింది. ఇంగ్లీషులో తను చెబుతూనే ఉంది. ఆ మాటలు నాకు అర్థం కావు. కానీ ఆగకుండా వస్తున్నాయి కదా, అదే చాలు. తెర మీద ఒక మగ మనిషి, ఒక ఆడమనిషి. ఆ ఆడమనిషి అప్పుడప్పుడు తల ఊపుతోంది. బయట కబాడీవాలా రానే వచ్చాడు. మా ఆయన లేచి చెయ్యి చాపి అరచెయ్యి కిందికి పెట్టారు. పాపం, వాడు నిజంగానే క్రేనులా ఆగిపోయాడు. సైకిలు దిగి, గంట చేత్తో నొక్కి పట్టుకుని, మా వాకిలి దాటేదాకా నడిపించుకుంటూ పోయాడు.

తరవాత వాళ్ళు ఇంకో ప్రశ్న వేశారు. మా అమ్మాయి నోరు ఆగింది. బల్ల మీద వేళ్ళు కదిలాయి.

మా ఆయనకి లోపలి మాటలు వినపడవు. కానీ ముప్పై ఏళ్ళు కేబినులో మనిషి భుజాలు చూసి, వాడు తడబడుతున్నాడో లేదో చెప్పిన మనిషి. కూతురి భుజాలు బిగుసుకోవడం చూశారు. ఎడమ అరచెయ్యి కదలకుండా పైన పట్టి, దాని కింద కుడి చెయ్యి తిప్పారు. నిదానంగా.

తను చూసింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ మాట్లాడింది.

ఇంకాసేపటికి మళ్ళీ ఆగింది, మళ్ళీ తలెత్తింది, ఆయన మళ్ళీ తిప్పారు. నాకు లోపల సంతోషంగానే ఉంది. తండ్రీ కూతుళ్ళు ఎంత బాగా కుదుర్చుకున్నారో అనుకున్నాను. మూడోసారి తను తలెత్తినప్పుడు తెర మీది మగ మనిషి ఏదో అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఆ మాటల్లో నాకు అర్థమైంది ఒక్కటే, అక్కడ ఇంకెవరైనా ఉన్నారా అని.

లేరు అంటే సరిపోయేది. గదిలో నిజంగానే ఎవరూ లేరు. కానీ తను లేచి, లాప్‌టాప్ రెండు చేతుల్తో ఎత్తి కిటికీ వైపు తిప్పింది.

మా ఆయన ఏమనుకున్నారంటే, పెద్దవాళ్ళకి తనని పరిచయం చేస్తోందని. కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. ఆ తరవాత తను నా వైపు తిప్పింది. నేను పరదా పక్కకి తీసి నిలబడ్డాను. నాకూ నమస్కారం పెట్టడం తప్ప ఇంకేం తోచలేదు.

వాళ్ళు తిరిగి నమస్కారం పెట్టారు. అది మాత్రం చెప్పాలి. ఆ ఆడమనిషి ఏదో అడిగితే మా అమ్మాయి చెయ్యి తిప్పి చూపించి చెప్పింది. ఆవిడ విన్నది. ఆ మగ మనిషి ఏదో రాసుకున్నాడు. ఇంకా టైము మిగిలి ఉన్నా, థ్యాంక్యూ చెప్పి ముగించేశారు. వాళ్ళని తప్పు పట్టను. ఎక్కడో కూర్చుని తెరలో చూసేవాళ్ళకి, ప్రశ్న అడిగినప్పుడల్లా ఒక పిల్ల పైకి చూస్తుంటే ఏం తెలుస్తుంది? నేను అక్కడున్నా అదే అనుకుంటాను.

మా అమ్మాయి లాప్‌టాప్ మూసింది. మూత మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

మా ఆయన సంబరంగా లోపలికి వచ్చారు. "ఏటి, బాగైందా? ఆ పెద్దమనుషులు మంచోళ్ళలాగున్నారే. నమస్కారం పెట్టేరు."

తను తల దించుకుంది. ఆయన నావైపు తిరిగారు. "ఏటైందే?"

ఆయనకి వినపడేలా చెప్పాలంటే లైనంతటికీ వినపడేలా అరవాలి. పక్కింటి వదిన అప్పటికే గోడ దగ్గరికి వచ్చే ఉంటుంది. సైగల్లో చెబుదామా అంటే, ఇలాంటి మాటకి క్రేను భాషలో సైగ లేదు. ప్రశ్నలు రాసుకున్న కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. ఒకటి తిరగేసి పెన్ను తీసుకున్నాను. అక్షరాలు నేర్చుకున్నాక నేను రాసినవి సరుకుల చీటీలు, నా సంతకం, ఈ ప్రశ్నలు. మనసుకి కష్టమైన మాట రాయడం అదే మొదలు. నిదానంగా రాశాను. "మీరు దానికి జవాబు చెబుతున్నారని వాళ్ళు అనుకున్నారు."

ఆయన తెలుగులో అయిదో తరగతి దాకా చదివారు. కాగితం కిటికీ వెలుతురుకి పట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"నాకా జవాబు తెల్దు కదే" అన్నారు.

నేను పెన్ను బల్ల మీద పెట్టేశాను.

ఆయన గోడకి ఆనుకుని కిందే కూర్చున్నారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు. ఆ చేతుల కింద ముప్పై ఏళ్ళలో ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదని ఆయన గొప్పగా చెప్పుకునేవారు. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేను. అది చెబుదామని మళ్ళీ పెన్ను అందుకోబోయాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"నాన్న తప్పు కాదమ్మా. నీదీ కాదు. ఆయన చెయ్యి తిప్పుకున్నారు, బస్, అంతే. చూసింది నేను. ఆగిపోయినప్పుడు, ఆగిపోయానని వాళ్ళకి చెప్పాలి కదా. వాళ్ళకి చెప్పకుండా నాన్న వైపు చూసాను. మూడు వారాలు నువ్వు నేర్పింది అదేగా."

ఆ సాయంత్రం తను వాళ్ళకి మెయిలు రాసింది. పంపేముందు మా ఇద్దరి ముందూ కూర్చుని, ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో పైకి చెప్పింది. ఆయనకి అర్థమయ్యేలా ముఖ్యమైన ముక్కలు నేను కాగితం మీద రాస్తూ పోయాను. మా నాన్నగారు క్రేను ఖలాసీ, ఆయనకి చెవులు వినపడవు, ఆయన చూపించినది నిదానంగా అనే సైగ, అంతకు మించి ఆ చేతులకి ఈ విషయం తెలియదు. వంటగదిలో మా అమ్మ కూడా ఉంది, అది మీరు అడగకముందే నేను చెప్పాల్సింది. గదిలో ఎవరూ ఉండకూడదన్న మీ రూలు తప్పింది నేను. మీకు నమ్మకం లేకపోతే అది న్యాయమే. వీలైతే ఇంకో ప్రశ్న ఇవ్వండి, ఇల్లంతా ఖాళీ చేసి కూర్చుంటాను.

"అమ్మ సంగతెందుకే? వాళ్ళు అడగనేదు కదా" అన్నారు మా ఆయన.

"ఉంది కదా నాన్నా."

నాలుగు రోజులు ఏమీ రాలేదు. పక్కింటి వదిన గోడ మీంచి అడిగింది, "ఏటైందేటి?" అని. ఇంకా చెప్పనేదు వదినా అన్నాను. ఎప్పుడూ ఇంకో పది మాటలు అడిగే మనిషి, ఆ రోజు గిన్నెడు పనసపొట్టు కూర గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది. మా ఆయన ఆ నాలుగు రోజులూ వరండాలో కూర్చోలేదు. కుర్చీ మడిచి మంచం కిందికి తోసేశారు. అన్నం దగ్గర కూడా, చాలు అని చేత్తో చూపించకుండా నోటితో అనేవారు. అది చూడలేకపోయాను.

అయిదో రోజు మెయిలు వచ్చింది. ఇంకో ఇంటర్వ్యూ పెడతాం, ప్రశ్న కొత్తది ఇస్తాం, మొదలుపెట్టే ముందు ఇల్లంతా కెమెరాతో తిప్పి చూపించాలి అని.

ఆ రోజు మేమిద్దరం రెండున్నరకే ఇల్లు వదిలాం. మా లైను వెనక గ్రౌండు ఉంది. దాని చివర ఒక సిమెంటు బెంచీ. నేను ఇంటి వైపు తిరిగి కూర్చోబోతే ఆయన నన్ను లేపి, రెండో వైపు కూర్చోబెట్టారు. ఇద్దరం ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాం.

"కనపడనంత దూరంలో ఉన్నాం కదా, ఇంకేటి భయం?" అన్నాను. నా పెదాలు చూసి అర్థం చేసుకున్నారు.

"నా చేతుల మీద నాకు నమ్మకం నేదు" అన్నారు.

టీచరమ్మ క్లాసు పుస్తకం, పెన్ను తీసుకెళ్ళాను గానీ చదవబుద్ధి కాలేదు. కాసేపటికి చూస్తే ఆయన రెండు చేతులూ పొట్ట ముందు పెట్టుకుని, వేళ్ళలో వేళ్ళు దూర్చి గట్టిగా పట్టుకుని ఉన్నారు. చలేసిన మనిషిలా. ఏటది అని చూపించాను.

"ఇదీ సైగే. అన్నీ ఆపీసి, ఎక్కడున్నది అక్కడే ఉంచమని. బరువు గాల్లో ఉన్నప్పుడు ఏటి చెయ్యాలో తోచకపోతే ఇలగ పెడతాం. ఆలోచించుకున్నాక మళ్ళీ మొదలెడతాం."

గంట దాటింది. గంటన్నర దాటింది. ఆయన చేతులు విప్పలేదు. వెనకనుంచి చెప్పుల చప్పుడు నాకు వినిపించి తిరిగాను. మా అమ్మాయి గ్రౌండుకి అడ్డంగా నడిచి వస్తోంది. ఇంకా సగం దూరంలో ఉండగానే చెప్పడం మొదలుపెట్టేసింది. సగం తెలుగు, సగం హిందీ, మధ్యలో ఇంగ్లీషు. ఏ ప్రశ్న ఇచ్చారో, ఎక్కడ మొదలెట్టిందో, ఎక్కడ ఆగిపోయిందో. దాని మాటలు సగం గాలికి పోతున్నాయి. మా ఆయనకి మిగతా సగం కూడా వినపడదు. కానీ ఆయన దాని నోరే చూస్తున్నారు.

"ఒక్కచోట ఆగిపోయానమ్మా. అలవాటుగా కిటికీ వైపు చూసాను. ఎవరూ లేరు. అప్పుడు ఆ మేడంతో చెప్పీసాను. ఇక్కడిదాకా వచ్చింది, ఇది రాలేదు, నాకు తెలిసిందంతా ముందు పైకి చెప్తాను, వినండి అని. విన్నారు. సగం చెప్పీసరికి తప్పెక్కడో నాకే కనిపించింది."

"వాళ్ళేటన్నారు?"

"ఏం అనలేదు. ఆ సార్ మాత్రం చివర్లో, మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి అన్నారు."

అది నేను ఆయనకి కాగితం మీద రాసి చూపించాను. పుస్తకం చివరి అట్ట మీద. అప్పుడు ఆ వేళ్ళు విప్పారు. విప్పాక చాలాసేపు రుద్దుకోవాల్సి వచ్చింది, అంత గట్టిగా పట్టుకున్నారు.

జవాబు రావడానికి ఇంకో పదిరోజులు పట్టింది. ఆదివారం కాదు, ఏదో మామూలు రోజు. తను రాయ్‌పూర్ నుంచి వచ్చే ట్రైన్లోనే మెయిలు చూసిందట. కానీ ఫోను చెయ్యలేదు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మా ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి ఫోనులోంచి పైకి చదివింది. ఉద్యోగం ఇచ్చారు. ఎప్పుడు చేరాలో, ఏ పనిలో చేరాలో అంతా ఉంది. తను చదువుతుంటే నాకు అందులో దాని పేరు ఒక్కటే తెలిసింది. అది రెండుసార్లు వచ్చింది.

మా ఆయన నా మొహం చూశారు. దాని మొహం చూశారు. సంగతి అర్థమైపోయింది. నేను పెన్ను కోసం లేవబోతే, అక్కర్లేదన్నట్టు చెయ్యి చాపి ఆపారు. చాలా రోజుల తరవాత ఆ చెయ్యి లేచింది. తరవాత చొక్కా జేబులోంచి చెవి మిషను తీశారు. దానికి అంటుకున్న పొగాకు పొడి ఊదారు. చెవిలో పెట్టుకుని, దాని చక్రం తిప్పుకుని, మొహం చిట్లించుకున్నారు. బయట ఎవరిదో స్కూటరు వెళితే ఉలిక్కిపడ్డారు.

"మళ్ళీ చదువు" అన్నారు.

తను మొదటినుంచి చదివింది. నిదానంగా, నేను మందుల చీటీ చదివినట్టు, ఒక్కొక్క ముక్కా విడదీసి. ఇంగ్లీషు ఆయనకీ రాదు, నాకూ రాదు. చివరి అక్షరం దాకా విన్నాం.